నల్లమల పచ్చిక విత్తనానికి జూన్ టెండరు పనికిరాదు: అటవీ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో లంటానా (అడవిని కమ్మేసే పరాయి కలుపు పొద) కొట్టేసిన చోట పచ్చిక లేవాలంటే విత్తనానికి డబ్బు విడుదల కావలసింది జూన్‌లో కాదు, అక్టోబరులో. ఈ మాట చెప్పడానికే ఈ లేఖ.

బోదగడ్డి, పందిముల్లు గడ్డి కంకులు వానలు వెనకబట్టాక పండుతాయి. నాలుగు రోజులు ఆలస్యమైతే గింజ నేల పాలే. పైగా పందిముల్లు గింజ కోసిన వెంటనే మొలవదు, కొన్ని నెలలు పొడిగా నిలవ ఉండాలి. డిసెంబరులో కోసింది తొలకరికి సిద్ధమవుతుంది. జూన్‌లో టెండరు పిలిస్తే దొరికేది స్టైలో (చిక్కుడు జాతి మేత మొక్క), గినీ గడ్డి విత్తనం. అవి పశువుల మేతకు మంచివే. కానీ గినీ గడ్డి దుబ్బులు కట్టి పూలమొక్కను పైకి రానివ్వదు.

గడ్డి ఒక్కటే చల్లినా చాలదు. దుప్పికి మేత దొరుకుతుంది, తేనెటీగకు తేనె దొరకదు. మోదుగ, ఇప్ప పూతలు ఎండాకాలంతో సరి. వానాకాలం నుంచి చలికాలం దాకా ఆదుకునేవి తుమ్మి, వెంపలి, గిలిగిచ్చ లాంటి చిన్న మొక్కలే. గిలిగిచ్చ పువ్వు మీద పెద్ద తుమ్మెద వాలితే ఆ బరువుకు కింది రేకులు దిగి, ముక్కులాంటి కొన నుంచి పుప్పొడి బయటికొచ్చి దాని పొట్టకు అంటుకుంటుంది. చిన్న ఈగకు అంత బలం చాలదు. కాయ ఊపితే గలగలమన్నప్పుడే కోయాలి.

కోత పని చెంచు మహిళలకు ఇవ్వండి, కూలి రోజు లెక్కన కట్టండి. కిలో లెక్కన కడితే పుల్లా పొట్టూ కూడా తూకంలోకి వస్తాయి. తాలు గింజ గోటితో నొక్కితే తెలిసిపోతుంది. నిలవకు గోనె సంచులే వాడాలి. ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఎకరాకు 2 నుంచి 2.5 కిలోల గడ్డి గింజ, అర కిలో పూల గింజ చాలు. వెంపలి, గిలిగిచ్చ గింజల పెంకు గట్టిది. పొయ్యి దించిన వేడినీళ్లలో పోసి రాత్రంతా నానబెట్టాలి. అన్నిటినీ నాలుగింతల పొడి ఇసుకతో కలిపితే చేతికి సమంగా వస్తాయి. వాలుకు అడ్డంగా గీతలు గీకి, అందులో చల్లి, పైన పల్చగా మట్టి లాగాలి. సెంటీమీటరు దాటి పూడిస్తే మొలక పైకి రాదు. ఊరికే వెదజల్లితే మొదటి జడివానకే వాగులో చేరుతుంది. గీతల మీద ఎండు కొమ్మలు పరిస్తే నీటి వేగం తగ్గుతుంది, పశువూ తొక్కదు.

లంటానాను నేలకు రెండంగుళాల కింద తల్లివేరు దగ్గర నరికి, తలకిందులుగా పడేయాలి. పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. మట్టిలో మిగిలిన గింజలు ఎలాగూ మొలుస్తాయి కాబట్టి రెండో ఏడు, మూడో ఏడు పూతకు ముందే పీకించడానికి కూలి డబ్బు ఇప్పుడే మంజూరు చేయాలి. మొదటి ఏడాది కంకి పండి గింజ రాలే వరకు మేత, నిప్పు రెండూ అటు పోకూడదు.

ఈ అక్టోబరులోనే ప్రతి అటవీ రేంజికీ గింజ కోత కూలి, గోనె సంచులు, ఆరబెట్టడానికి ఒక రేకుల షెడ్డు మంజూరు చేయమని మా విన్నపం.

ఇట్లు,
నల్లమల పచ్చికల పని తెలిసినవాళ్లం