పేరు చెప్పని టీచరు గారికి

గ్రంథాలయంలో నా పాఠ్య పథకం తిరగేసి, "అక్షరాలన్నీ వచ్చాకే పుస్తకం ఇస్తావా అమ్మా?" అని అడిగిన విశ్రాంత ఉపాధ్యాయిని గారికి కృతజ్ఞతలు. పేరడిగితే నవ్వేశారు.

నేను డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) రెండో ఏడాది చదువుతున్నాను. గుణింతాలు, ఒత్తులు తప్పు లేకుండా రాసే పిల్లలు కూడా సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే దిక్కులు చూస్తారు. మీరన్నట్టే వాళ్ళ కబుర్లను బోర్డు మీద రాసి చదివించాను. మేక ఈనిన సంగతి ఎన్నిసార్లు చదివినా తనివి తీరలేదు వాళ్ళకు!

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. నాకు ఉద్యోగం వస్తే చూచిరాత తగ్గించి, రోజూ కాసేపు నచ్చిన పుస్తకం చదువుకోనిస్తాను. తనిఖీకి వచ్చినవారు ఏమంటారో మరి! మీరిచ్చిన బొమ్మల కథల పుస్తకాలు మాత్రం బీరువాలో దాచను, పిల్లల చేతికే ఇస్తాను.