మింగలేకపోవడాన్ని కూడా వైకల్యంగా లెక్కించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. మా వారికి ఏఎల్ఎస్, అంటే కండరాలను నడిపే నరాలు దెబ్బతిని అవి క్రమంగా పనిచేయకుండా పోయే వ్యాధి ఉన్నది. గొంతు, నాలుక కండరాలతో మొదలయ్యే రకం కావడం వల్ల, ఈనాటికీ ఆయన చేయి పట్టుకుంటే వీధి చివరి దాకా నడవగలరు గాని గుక్కెడు మంచినీళ్లు తాగలేరు. వైకల్య శాతం నిర్ణయించే సదరం పరీక్షకు వెళ్లినప్పుడు చేతులు ఎత్తమన్నారు, పిడికిలి బిగించమన్నారు, నాలుగు అడుగులు వేయమన్నారు. ఏమి తింటున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. పింఛనుకు చాలని శాతం వేసి పంపించారు. తరువాత ఇచ్చిన అర్జీలకు, సమస్య పరిష్కరించబడినదని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో మాకు ఇప్పటికీ తెలియదు. అందుకే తమకు బహిరంగంగా రాస్తున్నాను.

మా వారికి ముందుగా దూరమైనవి నీళ్లే. పలుచని పదార్థం గొంతులో నిలవకుండా జారి శ్వాసనాళంలోకి పోతుంది. దగ్గి బయటికి తేగల బలం లేని మనిషికి అదే న్యుమోనియాకు దారి తీస్తుంది. చారు, మజ్జిగ, కాఫీ మా ఇంట్లో అట్లాగే ఆగిపోయాయి. సాంబారు అన్నం ఇంకా ప్రమాదం, పులుసు ముందు జారిపోయి మెతుకులు వెనక నిలిచిపోతాయి. అప్పడం, వేపుడు, పొడి కలిపిన అన్నం పలుకులు పలుకులుగా గొంతులో చిక్కుకుంటాయి. ఆవకాయ లేనిదే ముద్ద ఎత్తని మనిషి, ఆ ఘాటుకు దగ్గు ఆగక సీసాను తానే దూరంగా పెట్టించారు. ఇప్పుడు మెత్తగా ఉడికించిన అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపి, చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా మిక్సీలో తిప్పి పెడుతున్నాను. గడ్డ పెరుగు, బాగా మగ్గిన అరటిపండు, చిక్కని రాగి జావ ఇంకా తినగలుగుతున్నారు. మంచినీళ్లలో సైతం చిక్కబరిచే పొడి కలపవలసిందే. ఆ పొడి మా ఊళ్లో దొరకదు, తెప్పించుకున్న ప్రతిసారీ సొంత డబ్బే. గడ్డం కిందికి వంచి, ఒక్కొక్క చెంచా మింగి, నోట్లో మిగిలినదాని కోసం మళ్లీ మింగి, ఊపిరి తీసుకుని, ఇట్లా ఒక పూట భోజనానికి గంట దాటుతుంది. ఆకలి తీరకముందే అలసిపోయి చెయ్యి అడ్డం పెడతారు. అందువల్ల రోజంతా కొద్దికొద్దిగా పెడుతూనే ఉండాలి.

ఇవన్నీ నాకు హైదరాబాదులో, మాటతోపాటు మింగడంలోని ఇబ్బందులనూ చూసే ఒక స్పీచ్ థెరపిస్టు నేర్పారు. ఇక్కడ చెప్పేవారు లేరు. ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్త అందరికీ చెప్పినట్లే నెయ్యి తగ్గించమని, బరువు పెరగకుండా చూసుకోమని చెప్పి వెళ్లింది. ఆమెను తప్పు పట్టను, ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాని ఈ వ్యాధిలో బరువు తగ్గిపోవడమే ప్రాణానికి ముప్పు. 1995లో అమెరికాలో ఆమోదం పొందిన రిలుజోల్ మాత్ర కూడా వ్యాధిని కొన్ని నెలలు నెమ్మదింపజేయగలదే గాని నయం చేయలేదు. అటువంటప్పుడు తిండి కూడా వైద్యంలో భాగం కాకుండా ఎట్లా పోతుంది? మందు గురించి అడిగితే చూద్దామంటారు, ఆహారం గురించి అడిగితే అది వైద్యం కిందికి రాదంటారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నరాల వ్యాధులకు ఉదాహరణలుగా పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేర్లు ఉన్నాయి గాని ఏఎల్ఎస్ పేరు లేదు. అయినా అవి ఉదాహరణలు మాత్రమే కాబట్టి, చట్టం తలుపు మూయలేదని నేను నమ్ముతున్నాను. పూర్తిగా మంచాన పడినవారికి తమ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అందుకు మేమంతా కృతజ్ఞులమే. కాని మా వారు మంచాన పడేదాకా ఎదురుచూడాలంటే, అప్పటికి ఆ డబ్బుతో కొనిపెట్టినది మింగడానికి ఆయనకు గొంతు ఉండదు. ఆహారం నేరుగా ఇచ్చేందుకు పొట్టలోకి గొట్టం వేయించుకోవడానికి కూడా అదను ఉన్నది. ఊపిరి సామర్థ్యం సగానికి పడిపోకముందే వేయించుకోవడం మేలని వైద్యులు చెబుతారు. ఆ మాట సమయానికి చెప్పేవారు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి కదా!

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాలలో పిల్లల కోసం స్పీచ్ థెరపిస్టు పోస్టు ఉన్నది. వారిని వారానికి ఒక్క పూటైనా మావంటి రోగులను చూడనివ్వండి. సదరం పరీక్షలో మింగగలుగుతున్నారా లేదా అన్నది కూడా చూడమని ఆదేశించండి. చిక్కబరిచే పొడి, గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆసుపత్రి మందుల కిటికీలో ఇప్పించండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే, ముందుగా ఆ పరీక్షనైనా మార్చండి. మా వారి బరువు నెలనెలా తగ్గుతున్నది. తమరు దయచేసి త్వరగా నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు,
ఒక ఏఎల్ఎస్ రోగి భార్య,
పశ్చిమ గోదావరి జిల్లా