మోకాలి కసరత్తు యాప్: వచ్చే నెల నుంచి మారేవి

మోకాలి అరుగుదలకు మా నల్లగొండ ఫిజియోథెరపీ సెంటర్ నుంచి ఫోన్ ప్రోగ్రామ్ తీసుకున్నవాళ్లకు ఈ సమాచారం.

ఒక రోజు తప్పితే ఎర్రబడే క్యాలెండర్‌ను తీసేస్తున్నాం. తొడ కండరాన్ని బలపరిచే కసరత్తు వారానికి మూడు రోజులు చాలు. నాట్లకో కలుపుకో పోయొచ్చిన సాయంత్రం, ఫోన్లో ఎర్ర గీత పడుతుందని మోకాలిని ఇంకా సతాయించొద్దు. ఆ రోజు వదిలేసి మర్నాడు చేయండి.

కెమెరాతో లెక్కపెట్టడం కూడా ఆపేస్తున్నాం. చీర కుచ్చిళ్లు కప్పేస్తే మోకాలు ఎక్కడ వంగిందో కెమెరాకు తెలియదు, పది సార్లు లేచినా నాలుగే చూపిస్తుంది. ఇక ఫోనే తెలుగులో లెక్క చెబుతుంది, మీరు దాని వెంట చేయాలి. కుర్చీలోంచి లేచే కసరత్తులో లేచేటప్పుడే కాదు, కూర్చునేటప్పుడు కూడా కండరానికి పని పడాలి. ఒకటి, రెండు, మూడు అనేలోపు మెల్లగా దిగాలి. దబ్బున కూలబడితే కండరానికి పని ఉండదు, దెబ్బంతా కీలుకే. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది కాబట్టి గోడకు ఆనించండి. చేతులు ఊనకుండా లేవలేకపోతే బొంత మడిచి వేసి ఎత్తు పెంచండి, నాలుగు రోజులకో మడత తీయొచ్చు. మోకాళ్లు రెండూ లోపలికి ఒరుగుతుంటే పాదాలు కాస్త ఎడం చేయండి. పదేసి చొప్పున రెండు విడతలు.

నొప్పి ఎంత అని యాప్ ఇప్పటిదాకా కసరత్తు అవ్వగానే అడిగేది. ఇక మర్నాడు పొద్దున అడుగుతుంది. చేసేటప్పుడు పదికి నాలుగైదు దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు, 24 గంటల్లో మునుపటి స్థాయికి దిగితే సరే. దిగకపోతే లెక్క సగానికి తగ్గించండి, మానేయొద్దు. మానేస్తే కండరం ఇంకా పలచబడి నొప్పి పెరుగుతుంది.

గుర్తుచేసే అలారం సంగతి. ఫోన్ కొడుకు జేబులో ఎల్బీనగర్‌లో మోగితే నకిరేకల్‌లో మోకాలు వంగదు. అందుకే మొదటి రోజే ఒకటి అడుగుతాం: రోజూ తప్పకుండా చేసే పని ఏది? చాయ్ తాగడమైతే, కసరత్తు ఉన్న రోజు గ్లాసు కింద పెట్టగానే మొదలుపెట్టాలి.

రెండో వారానికే తగ్గుతుందని మేము చెప్పం. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అరిగిన మృదులాస్థి (కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొర) మాత్రం తిరిగి రాదు. బరువు ఎక్కువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

పొద్దున బిగుసుకుపోవడం గంట దాటినా, మోకాలు వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా యాప్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోండి. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లకు మెడ, నడుము కూడా బిగుసుకుపోతుంటే అది ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) కావచ్చు. అందులో కీళ్ల చుట్టూ సున్నం పేరుకుంటుంది, మా కసరత్తు పట్టిక దానికి రాసింది కాదు. అలాంటివాళ్లు ఎక్స్‌రే తీయించుకుని డాక్టర్‌కు చూపించాకే డబ్బు కట్టండి.