వాము నూనె ల్యాబ్ ప్లేటులో చేసే పని పొట్టలో చెయ్యదు

ఎడిటర్ గారికి నమస్కారం.

వాము నూనె, లవంగ నూనె లాంటివి యాంటీబయాటిక్‌తో కలిపితే ఫుడ్ పాయిజనింగ్ క్రిములు చస్తాయని మొన్న మీ హెల్త్ పేజీలో వచ్చింది కదా, అది అబద్ధం అనను, నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను, ఆ సైన్స్ నిజమే. కాకపోతే ఎక్కడ నిజమో మీవాళ్లు రాయలేదు. పొద్దున్న పేపర్లో వచ్చిన ముక్క మధ్యాహ్నానికల్లా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది, సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసి మోషన్స్ టాబ్లెట్‌తో పాటు లవంగ నూనె ఎన్ని చుక్కలు వేసుకోవాలే అని అడిగింది. అందుకే ఈ ఉత్తరం.

నూనె, మందు కలిస్తే బాగా పనిచేస్తాయో లేదో ల్యాబ్‌లో ఎలా పరీక్ష చేస్తారంటే, 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది, అడ్డంగా యాంటీబయాటిక్ డోసు సగం సగం తగ్గించుకుంటూ పోతారు, నిలువుగా నూనె డోసూ అంతే, అన్నిట్లోనూ సాల్మొనెల్లానో ఈ.కోలైనో, అంటే ఫుడ్ పాయిజనింగ్ తెప్పించే క్రిముల్ని వేసి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పొద్దున్నకి క్రిములు పెరిగిన గుంట మసగ్గా ఉంటుంది, పెరగనిది తేటగా ఉంటుంది. విడివిడిగా వేస్తే ఎంత కావాలో అందులో నూనె పావు వంతు, మందు పావు వంతు సరిపోయాయనుకోండి, రెండు పావులూ కలిపి 0.5, అదీ అంతకంటే తక్కువా వస్తేనే సినర్జీ అంటారు, అంటే రెండూ కలిసి ఒకదాని బలం ఇంకోటి పెంచుతున్నాయని. 4 దాటితే ఒకదాన్ని ఇంకోటి చెడగొడుతోందని అర్థం, మధ్యలో వస్తే చెప్పుకోడానికేం లేదు. ఒకే నూనె ఒక మందుతో బ్రహ్మాండంగా కుదిరి ఇంకో మందుతో అసలేమీ చెయ్యకపోవచ్చు. మీ వార్తలో ఏ మందో ఏ క్రిమో కూడా లేదు, ఊరికే యాంటీబయాటిక్ అని రాసేశారు!

అసలు ఎందుకు పనిచేస్తుందో కూడా రాసుంటే బావుండేది, ఇంట్రెస్టింగ్ విషయమే అది. సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటివాటికి బయట ఒక పొర ఎక్స్‌ట్రా ఉంటుంది, చాలా మందులు అక్కడే ఆగిపోతాయి. వాములోని థైమాల్, ఒరెగానోలోని కార్వక్రాల్ ఆ పొరని వదులు చేస్తాయి, లోపలి పొర కూడా దెబ్బతిని క్రిమిలోని పొటాషియం బయటికి కారిపోతుంది, ఆ సందులోంచి మందు లోపలికెళ్తుంది. ఒకడు గడియ తీస్తే ఇంకొకడు లోపలికెళ్లి పని కానిచ్చినట్టు.

ఇదంతా ప్లేటులో. అన్నంలో, కూరలో ఉండే కొవ్వు, ప్రొటీన్ ఆ నూనెని పట్టేసుకుంటాయి, అందుకే ల్యాబ్‌లో సరిపోయిన డోసు నిజం తిండిలో సరిపోదు, పెంచితే ఆ ఘాటుకి ఎవరూ తినరు. మింగితేనో, లవంగంలోని యూజినాల్ తొందరగా రక్తంలోకి పోయి ఒక రోజులోపే దాదాపు అంతా మూత్రంలో వెళ్లిపోతుంది. పైగా రెండేళ్ల పిల్లాడు 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగి కోమాలోకి వెళ్లి లివర్ దెబ్బతిన్న కేసు మెడికల్ జర్నల్లో ఉంది. రసంలో వాము, బిర్యానీలో లవంగం వేసుకుంటే ఏం కాదు, దాని గురించి కాదు నేను మాట్లాడేది, సీసాలో అమ్మే నూనె గురించి.

ఇంకోటి, బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం వదుల్తుంది, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్న ఫ్రైడ్ రైస్ చేసుకుని వాంతులు పట్టుకుంటే దానికి యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు, నూనే పనిచెయ్యదు. మామూలు విరేచనాల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు, కావాల్సింది ఓఆర్ఎస్, ప్యాకెట్ మీద ఎంత నీళ్లు రాసుంటే అంతే నీళ్లలో, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు, గ్లాసుడు నీళ్లలో మొత్తం కలిపెయ్యకూడదు. రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువున్నా, చంటిపిల్లలైనా గర్భిణులైనా డాక్టర్ దగ్గరకి వెళ్లాలి, మెడికల్ షాపులో అడిగి రెండు బిళ్లలు తెచ్చుకోవడం కాదు. ఆ రెండు బిళ్లల వల్ల కూడా కదా మందులు పనిచెయ్యకుండా పోతున్నాయి.

ఈ నూనెల పరిశోధన వేస్ట్ అనట్లేదు. నాకైతే కోళ్ల దాణాలో దీనికి ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. కోళ్లు తొందరగా బరువు పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరప్ 2006లో పూర్తిగా ఆపేసింది, ఆ తర్వాతే థైమాల్, కార్వక్రాల్ కలిపిన దాణా మీద అక్కడ జోరు పెరిగింది. మన దగ్గర 2019 జులైలో కోళ్లకి, చేపలు రొయ్యలకి, పశువులకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని కేంద్రం నిషేధం పెట్టింది, ఎందుకంటే ఏ మందూ పనిచెయ్యని పేషెంట్లకి ఆఖర్న ఇచ్చే మందు అది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందుండే రాష్ట్రం మనది, మీ రిపోర్టర్ ఏదైనా కోళ్ల ఫారానికి వెళ్లి దాణాలో ఇప్పుడు ఏం కలుపుతున్నారు, వాము నూనె కలిపితే బస్తాకి ఖర్చు ఎంత పెరుగుతుంది అని అడిగి రాస్తే జనానికి పనికొస్తుంది.

ఇలాంటి వార్త మళ్లీ వేసేటప్పుడు ప్లేటులో చూశారా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా అనేది హెడ్డింగ్ కిందే ఒక్క లైన్ వెయ్యండి. ఉత్తరం పొడుగైంది, కుదించాల్సొస్తే మా పిన్ని సంగతి తీసెయ్యండి పర్లేదు, ఓఆర్ఎస్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ లెక్చరర్, తెనాలి