టీ పొడి ప్రాజెక్టులో సీసం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పన్నెండో తరగతి ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ సీబీఎస్‌ఈ విద్యార్థులు రసాయన శాస్త్రం ప్రాజెక్టుల హడావిడిలో పడతారు. వాటిలో ఏటా తప్పక కనిపించేది, వివిధ రకాల టీ పొడుల్లో కెఫీన్ ఎంత ఉందో తేల్చే ప్రాజెక్టు. అంశం మంచిదే. ఇంట్లో రోజూ తాగే పానీయం నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను (మొక్కల్లో సహజంగా ఉండే క్షార గుణం గల పదార్థాన్ని) తెల్లని స్ఫటికాలుగా బయటికి తీయడం ఏ విద్యార్థికైనా ఉత్సాహం కలిగిస్తుంది. నా అభ్యంతరమంతా సీనియర్ల నుంచి జూనియర్లకు, జిరాక్సు షాపుల మీదుగా చేతులు మారుతూ వస్తున్న ప్రయోగ విధానం మీదనే.

ఆ విధానం ప్రకారం 50 గ్రాముల టీ పొడిని 150 మిల్లీలీటర్ల నీటిలో మరిగించి వడకట్టి, గోధుమరంగు అవక్షేపం (అడుగుకు దిగే ముద్ద) రావడం ఆగిపోయే వరకు లెడ్ ఎసిటేట్ అనే సీసపు లవణం ద్రావణాన్ని కలపాలి. టీకి వగరునిచ్చే టానిన్లను సీసంతో ముద్దగా పేరబెట్టి తొలగించడం ఇక్కడి ఉద్దేశం. మళ్లీ వడకట్టి, మిగిలిన ద్రావణాన్ని మరిగించి 50 మిల్లీలీటర్లకు తగ్గించి, చల్లారాక 20 మిల్లీలీటర్ల క్లోరోఫామ్‌తో కలిపి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో (కింద స్టాప్‌కాక్ అనే కొళాయి ఉండే గాజు గరాటులో) అడుగున చేరిన క్లోరోఫామ్ పొరను వేరుచేసి, క్లోరోఫామ్‌ను గాలికి ఆరనిస్తే మిగిలేదే కెఫీన్ అని రాసి ఉంటుంది. అవక్షేపం రావడం ఆగే వరకు కలిపామంటే అవసరానికి మించి కొంత లెడ్ ఎసిటేట్ ద్రావణంలో పడిందన్నమాటే. ఆ మిగులు సీసం ఎక్కడికి పోయిందో ఆ ప్రతుల్లో ఒక్క వాక్యమైనా ఉండదు.

లెడ్ ఎసిటేట్ నీటిలో బాగా కరుగుతుంది, క్లోరోఫామ్‌లో దాదాపు కరగదు. కనుక సిద్ధాంతరీత్యా అది పైనున్న నీటి పొరలోనే ఉండిపోవాలి. బల్ల దగ్గర జరిగేది వేరు. ఫన్నెల్‌ను గట్టిగా కుదిపితే టీ కషాయమూ క్లోరోఫామూ కలిసి నురగలాంటి మడ్డి ఏర్పడుతుంది. తొందరలో స్టాప్‌కాక్ తిప్పే విద్యార్థి క్లోరోఫామ్‌తో పాటు నాలుగు నీటి చుక్కలను కూడా బీకరులోకి దింపుతాడు. క్లోరోఫామ్ ఆరిపోయాక ఆ చుక్కల్లోని లెడ్ ఎసిటేట్ సైతం తెల్లని స్ఫటికంగానే మిగిలి, కెఫీన్‌తో కలిసి త్రాసు ఎక్కుతుంది. టీ పొడిలో కెఫీన్ సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతం, అంటే 50 గ్రాములకు ఒకటి రెండు గ్రాములు. ఒక కంపెనీ టీకీ మరో కంపెనీ టీకీ మధ్య తేడా కొలిచే చోట పదుల మిల్లీగ్రాముల సీసం లవణం చేరితే ఆ పోలికకు అర్థం ఉండదు.

పాత ప్రయోగ పద్ధతుల్లో ఈ మిగులును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో లెడ్ సల్ఫేట్‌గా దించి వడకట్టే మెట్టు ఒకటి ఉండేది. నకలు మీద నకలు తీసే క్రమంలో అది జారిపోయింది. నిజానికి ఆ మెట్టు ఉన్నా పూర్తి భరోసా లేదు. శుద్ధ జలంలో లెడ్ సల్ఫేట్ లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు కరుగుతుంది. సల్ఫేట్ అదనంగా ఉంటే ఇంకా తగ్గుతుంది గాని సున్నా కాదు. తాగునీటిలో సీసానికి మన ప్రమాణాలు పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. సాల్ట్ అనాలిసిస్‌లో (లవణాలను గుర్తించే ప్రయోగాల్లో) నేర్చుకున్న పొటాషియం అయొడైడ్ పరీక్షతో చూసుకోవచ్చని కొందరంటారు. పసుపు అవక్షేపం వస్తే సీసం ఉన్నట్టే. రాకపోతే లేదని మాత్రం చెప్పలేము, ఎందుకంటే లెడ్ అయొడైడ్ కూడా కొద్దిగా నీటిలో కరుగుతుంది.

సీసాన్ని తర్వాత తొలగించడం కంటే అసలు వాడకపోవడమే తేలిక. టీ మరిగేటప్పుడే సోడియం కార్బొనేట్, అంటే బట్టల సోడా, వేస్తే టానిన్లు సోడియం లవణాలుగా మారి నీటి పొరలోనే ఉండిపోతాయి. ఫన్నెల్‌ను కుదపకుండా మెల్లగా తిరగవేస్తే మడ్డి కట్టదు. క్లోరోఫామ్ బదులు ఇథైల్ ఎసిటేట్ కూడా పనిచేస్తుంది. అప్పుడు కెఫీన్ ఉండేది పై పొరలోనని గుర్తుంచుకోవాలి. వేరుచేసిన ద్రావణిలో నిర్జల సోడియం సల్ఫేట్ వేసి, అది ఉండకట్టకుండా పొడిపొడిగా కదిలే వరకు ఉంచి వడకడితే, లవణాలను మోసుకొచ్చే నీటి జాడ పోతుంది. ఆ పైన కూడా అనుమానముంటే ఉత్పతనం (ఘనపదార్థాన్ని కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేయడం) ఉంది: కెఫీన్ సుమారు 178 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరై, పైన పెట్టిన చల్లని గాజు మీద సూదుల్లా పేరుకుంటుంది, సోడియం లవణాలు అడుగునే ఉంటాయి. మిరియాల నుంచి వాటికి ఘాటునిచ్చే పైపరిన్‌ను తీసే ప్రాజెక్టు చేసేవారికి ఇంత శ్రమ లేదు. పైపరిన్ నీటిలో దాదాపు కరగదు కనుక, తీసేటప్పుడు దానికి అంటుకున్న లవణాలను చన్నీళ్లతో కడిగేస్తే సరిపోతుంది. కెఫీన్ నీటిలో కరుగుతుంది కాబట్టి అలా కడిగితే చేతికొచ్చిన సరుకులో కొంత నీళ్లపాలవుతుంది.

వచ్చినది ఎంత శుద్ధమైనదైనా నాలుక మీద వేసుకోవడం కూడదు. ఒక్క టీస్పూను శుద్ధ కెఫీన్ సైతం ప్రాణం మీదికి తెస్తుంది. సీసం కలిసిన పొడి సంగతి చెప్పనక్కరలేదు: పిల్లల మెదడుకు ఏ మోతాదు సీసమూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని అస్వస్థతకు గురైనవారి రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్తకు మనమంతా ఎంత కలవరపడ్డామో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి పాఠశాలల యాజమాన్యాలకు, రసాయన శాస్త్ర ఉపాధ్యాయులకు నా మనవి. ఈ ఏడాది ప్రాజెక్టు అంశాలను ఆమోదించేటప్పుడే లెడ్ ఎసిటేట్ ఉన్న విధానాన్ని తిప్పిపంపాలి. ఇప్పటికే చేసినవారి దగ్గర మిగిలిన గోధుమరంగు ముద్దనూ, వడపోత కాగితాలనూ సింకులోనూ మొక్కల పాదుల్లోనూ వేయనివ్వకుండా, మూత ఉన్న సీసాలో పెట్టించి, పైన ‘సీసం వ్యర్థం’ అని రాయించి, ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించే వరకు ల్యాబ్‌లోనే భద్రపరచాలి.

— రసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం