గొళ్ళెం సంగతి

తణుకు

చి.ల.సౌ. బుజ్జికి అమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఇక్కడ వానలు తగ్గాయి. మీ నాన్న మోకాలు ఎప్పటిలాగే. చింటూ లెక్కల పరీక్ష ఎలా రాశాడు? పద్మ పిన్ని మీ ఇంటి నుంచి వచ్చి, మీ మామయ్యగారి గదికి రాత్రిళ్ళు బయట గొళ్ళెం పెడుతున్నారంది. పిన్ని మాటల్లో సగం తీసేసి వినాలని నాకూ తెలుసు. నేనేం అడగడం లేదు, ఊరికే రాస్తున్నా.

మామయ్యగారికి ఆ మతిమరుపు జబ్బు బిళ్ళ, డోనెపెజిల్, ఏ వేళ ఇస్తున్నావు? 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారని అల్లుడుగారు చెప్పారు. ఆ బిళ్ళతో కొందరికి నిద్ర పట్టదు, పిచ్చి కలలొస్తాయి. మోతాదు పెంచాకే రాత్రిళ్ళు లేచి తిరగడం మొదలైతే, పొద్దున టిఫిను తర్వాత వెయ్యొచ్చేమో డాక్టరుగారిని అడుగు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. జలుబు చేసిందని ఎవిల్, సీపీఎం లాంటివి వెయ్యకు. మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోకుండా ఈ బిళ్ళ కాపాడుతుంటే, అవి దాని పనికే అడ్డం పడతాయి. అయోమయం పెరుగుతుంది.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తీరు మారిపోతే జబ్బు ముదిరిందనుకుని కూర్చోకు. ఇది అంత తొందరగా ముదిరేది కాదు. ముందు మూత్ర పరీక్ష చేయించు. మంటగా ఉందని ఆయన నోటితో చెప్పలేరు కదా. విరేచనం అయి ఎన్నాళ్ళయిందో చూడు, నీళ్ళు సరిగ్గా తాగుతున్నారో లేదో చూడు.

సూరిబాబు మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఆర్టీసీలో ఉన్నన్నాళ్ళూ ఫస్ట్ సర్వీసు డ్యూటీ కదా, రిటైరయ్యాక కూడా ఇదే జబ్బులో తెల్లారగట్ల మూడున్నరకి లేచి ఖాకీ చొక్కా తొడుక్కునేవాడు. "బండి టైమయింది" అనేవాడు. "ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, పడుకోండి" అని అత్త వాదించేది. వాదించిన కొద్దీ కోపం. చొక్కా దాచింది. పనమ్మాయే దొంగిలించిందని దాని మీద పడ్డాడు. ఇక గదికి గొళ్ళెం పెట్టింది. తలుపు బాదీ బాదీ, కిటికీ ఎక్కబోయి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ తర్వాత అత్తని కూడా పోల్చుకోలేదు. వాకర్ పట్టుకుని లేచాక మళ్ళీ అదే బండి, అదే టైము. అప్పుడు చిన్నకోడలు ఏం చేసిందో తెలుసా? చొక్కా ఇచ్చింది, టీ ఇచ్చింది, "కంట్రోలర్ ఫోన్ చేశాడు మామయ్యా, బండి గంట లేటంట" అంది. కుర్చీలో కూర్చుని కునుకు తీశాడు. అబద్ధమే, అయితేనేం?

లేచి తిరిగే మనిషికి లోపల ఏదో కారణం ఉంటుంది బుజ్జీ. బయట గొళ్ళెం పెట్టారని ఆయనకెలా తెలుస్తుంది? తలుపు రావడం లేదన్న భయమే మిగులుతుంది. ఒంటేలుకి లేచినా దారి ఉండదు, గది మూల పోసి అందులోనే జారిపడతారు. షార్టు సర్క్యూట్ అయి పొగలొస్తే తలుపు తీసేదెవరు?

గొళ్ళెం పెట్టేదేదో వీధి తలుపుకి, చూపు అందనంత ఎత్తులో పెట్టించు. మీలో ఒకరు ఇంట్లో ఉన్నప్పుడే సుమా. తలుపు మీద గోడ రంగు కర్టెన్ వెయ్యి, దానికి మువ్వలు కట్టు. బాత్రూము తలుపు తీసి, లైటు వేసి ఉంచు, మంచం మీంచి కనపడాలి. పడుకునే ముందు ఓసారి తీసుకెళ్ళు. నీళ్ళు పగలు బాగా ఇవ్వు, రాత్రి ఏడు దాటాక తగ్గించు. మధ్యాహ్నం టీ తర్వాత ఇంక టీ వద్దు. పగటి నిద్ర అరగంట చాలు. సాయంత్రం చీకటి పడకముందే దీపాలన్నీ వెయ్యి, నీడలు చూసే సగం భయం. అద్దంలో ఎవరో ఉన్నారంటే దుప్పటి కప్పెయ్యి. చొక్కా లోపల మీ ఫోన్ నంబరు కుట్టు. ఈ మధ్య తీసిన ఫొటో ఒకటి ఫోన్లో ఉంచుకో. ఎప్పుడైనా కనపడకపోతే వెంటనే 112కి చెయ్యి, ఒక రోజు ఆగాలన్న నియమమేమీ లేదు.

ఉపన్యాసం ఇవ్వనని మీ నాన్నతో అని కూర్చున్నాను. సరేలే.

నువ్వు చిక్కిపోయావని కూడా పిన్నే అంది. నిద్ర చాలక గొళ్ళెం దాకా వచ్చారేమో, అదీ ఆలోచించాను. రాత్రుళ్ళు నువ్వూ అల్లుడుగారూ వంతులు వేసుకోండి, ఆయనకి నాన్నే కదా. నీకు మరీ దిగులుగా ఉంటే 14416కి చెయ్యి, టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళ సాయానికైతే 14567. వేళకి తిను. పెరుగు మానకు.

పార్సిల్లో సున్నుండలు నీకు. ఎలాస్టిక్ పైజామాలు మామయ్యగారికి. నాడా అయితే ముడి విప్పేలోపే అయిపోతుంది. నడుము 36 అనుకుని తీశాను, వదులైతే చెప్పు, మార్పించి పంపుతా. ఉతక్కుండా తొడగకు, గంజి ఉంది.

అమ్మ