ఓవర్సీర్లకూ ఒక పేజీ ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంజనీర్స్ డేకి మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. కాటన్ దొర, విశ్వేశ్వరయ్య గారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు ముగ్గురి గురించీ బాగా రాశారు. కానీ కాటన్ ఏవో పెద్ద చదువులు చదివి వచ్చి గోదావరిని కట్టేశాడన్నట్టు రాయడం మాత్రం నాకు నచ్చలేదు.

ఆయన చదివింది ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో. 1819లో బయటికి వచ్చేసరికి పదహారేళ్ల కుర్రాడు. 1821లో మద్రాసులో దిగాడు. నీళ్ల సంగతి నేర్చుకున్నదంతా ఇక్కడి చెరువుల శాఖలోనూ, కావేరి మీదా. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట కళ్లెదుటే ఉంది మరి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. మధ్యలో ఆరోగ్యం చెడి ఆయన ఆస్ట్రేలియా వెళ్లినా పని ఆగలేదు. కెప్టెన్ ఆర్ (Orr) అనే అధికారి బాధ్యత తీసుకున్నాడు. కూలీలను కూడగట్టి పని నడిపించింది వీణెం వీరన్న గారు. ఆయన సాయం లేకపోతే గడువులోగా పూర్తి చేయలేకపోయేవాణ్నని కాటనే అన్నాడు. మీ పేజీలో వీరన్న గారి పేరు ఎంత వెతికినా కనపడలేదు.

ఇది నాకెందుకు పట్టిందంటే, నేను డిప్లొమా చేసి ఇరిగేషన్‌లో సూపర్‌వైజర్‌గా చేరినవాణ్ని. అప్పట్లో బీఈ చదివినవాళ్లు జూనియర్ ఇంజనీర్లు, మేం సూపర్‌వైజర్లం. మీటింగుల్లో వాళ్లకి కుర్చీలు, మాకు గోడ. ఈ గీత గీసింది తెల్లవాళ్లే. 1847లో రూర్కీలో పెట్టిన కాలేజీలో ఇంజనీర్ క్లాసు వేరు, అప్పర్ సబార్డినేట్ (ఓవర్సీర్లు) వేరు, లోయర్ సబార్డినేట్ (సబ్ ఓవర్సీర్లు) వేరు. 1871లో మన పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) కోసమని ఇంగ్లండులోనే కూపర్స్ హిల్ కాలేజీ తెరిచారు. 1892లో సర్వీసునే రెండు ముక్కలు చేశారు. అక్కడ ఎంపికైతే ఇంపీరియల్, ఇక్కడ ఎంపికైతే ప్రొవిన్షియల్. పని ఒకటే, జీతం తక్కువ. అలీ నవాజ్ జంగ్ గారు కూపర్స్ హిల్‌లో చదివి వచ్చి నిజాం కొలువులో చేరారు కాబట్టి చీఫ్ ఇంజనీర్ అయ్యారు. బ్రిటిష్ ఇలాకాలో చేరి ఉంటే ఎక్కడ ఆపేసేవారో!

ఆ గీతకి అవతల నిలబడ్డ ఓవర్సీర్లకీ, మేస్త్రీలకీ, గట్లూ కాలవలూ కనిపెట్టుకునే లస్కర్లకీ ఏం తెలుసో ఒక్క సంగతి చెబుతాను. 1986 ఆగస్టు గోదావరి వరదలో మాది ఏటిగట్టు మీద కాపలా. అర్ధరాత్రి గట్టు దిగువన, అరటితోట అంచున నీరు ఉబికింది. నాకు టెన్షన్‌తో కాళ్లు ఆడలేదు. మా లస్కరు లాంతరు కిందపెట్టి, దోసిట్లో నీళ్లు పట్టి చూశాడు. "తేటగా వస్తే భయం లేదు బాబూ, ఇది ఇసుక తెస్తోంది" అన్నాడు. నీరు లోపలి నుంచి మన్ను తెస్తోందంటే గట్టు కోసుకుపోతున్నట్టే. అయితే దాన్ని మూయకూడదట. మూస్తే పక్కనుంచి తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు నూతి ఒరలా పేర్పించాడు. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ కింది నుంచి ఉబికే నీటి జోరు తగ్గి, తెల్లారేసరికి తేట నీరు వచ్చింది. సిద్ధాంతం నేను డిప్లొమాలో చదివిందే. దోసిలి పట్టి చూడాలని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడట, ఆ నాన్నా లస్కరే.

వచ్చే సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి ఫొటో ఎలాగూ వేస్తారు, వేయాలి కూడా. దాంతోపాటు జిల్లా ఎడిషన్‌లో ఒక పేజీ వీరన్న గారికీ, ఆయన తర్వాత కాలవల మీద పనిచేసినవాళ్లకీ ఇవ్వండి. ముందుగా ఒక చిన్న ప్రకటన వేస్తే డెల్టాలో ఆ కుటుంబాలవాళ్లు పాత ఫొటోలూ, సర్వీసు కాగితాలూ పంపుతారు. మా లస్కరు గారి అబ్బాయిని నేను అడిగి ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇరిగేషన్ సూపర్‌వైజర్,
ఆత్రేయపురం మండలం, కోనసీమ.